పడుగు మీద రెండు దెబ్బలు

నరహరి దినాలు అయిన మరునాడే ఆండాళు వీధిలో నూలు పడుగు వేయించింది.

రామన్నపేట నేతగాళ్ల వాడలో అది చూసి కొందరు ముక్కున వేలేసుకున్నారు. మొగుడు పోయి రెండు వారాలు కాలేదు, అప్పుడే పనా అన్నారు. ఆండాళు ఎవరికీ జవాబివ్వలేదు. పడుగు వేయమన్నది డిటెక్టివ్ మెర్సీ. ఆ సంగతి బయటికి రానివ్వనని ఆండాళు మాటిచ్చింది.

ఆ పొద్దున మెర్సీ మాత్రం వాడలో లేదు. నరహరి చనిపోయిన చోట, రైలు పట్టాల మీద నిలబడి ఉంది.

"గేటు అక్కడుంది," అంది వెనక్కి చెయ్యి చూపిస్తూ. "జనం దాటేది అక్కడ. నరహరి పడ్డది ఇక్కడ. ఇక్కడ దాటనీకి బాటుందా, ఐలేశం?"

పట్టాలు చూసుకునే ఐలేశం సుత్తిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "బాటెక్కడిది మేడం? అటు సర్కారు తుమ్మ, ఇటు గుట్ట. మేకలు గూడ రావు."

"మరి గాయన ఎందుకొచ్చిండు?"

"చెవిటోడాయె. ఏడ తిరుగుతుండో ఏమొ."

"చెవిటోడే. గుడ్డోడు కాదు గద."

ఐలేశం పట్టాల మలుపు దిక్కు చూశాడు.

"బండి నడిపినాయన ఏమన్నడు?"

"మలుపు తిరగంగనే కనవడ్డడట. హారన్ మీద హారన్ కొట్టిండట. మనిషి నడుస్తలేడు, నిలవడున్నడు. వీపు బండి దిక్కున్నదట." ఐలేశం గొంతు తగ్గించాడు. "ఓ మాట చెప్త మేడం. సచ్చిపోదామని వచ్చినోడు పట్టా మీద పండుకుంటడు, లేకుంటె బండికి ఎదురుంగ ఉరుకుతడు. నేను శానమందిని జూసిన, ఎత్తిన. బండికి వీపు జేసి ఊకె నిలవడ్డోన్ని గీయనొక్కన్నే జూసిన."

మెర్సీ పట్టాల నడుమకు వెళ్లింది. బండి వచ్చే దిక్కుకు వీపు పెట్టి, నరహరి నిలబడ్డట్టే నిలబడింది. అప్పుడు ఎదురుగా ఏముందో చూసింది. పట్టాల పక్కన కంకర కుప్ప ఉంది. మనిషి దాని మీద కూర్చుంటే ముఖం సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా వస్తుంది. బండి నడిపేవాడికి మాత్రం అక్కడ మనిషి ఉన్నట్టు కనిపించదు. తుమ్మ కొమ్మలు అడ్డం.

ఆమె కుప్ప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని కంకర సందుల్లో వెతికింది. పొగాకు నమిలి పారేసిన కవర్లు దొరికాయి. అన్నీ ఒకే రకం. వాటి మీది అక్షరాలు హిందీలాగే ఉన్నాయి గానీ పైన గీత లేదు.

"ఇవి నీవా?"

"నాది బీడీ మేడం. గసోంటియి మన దిక్కు దొరకయి."

మెర్సీ ఆ కవర్లను రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఐలేశం అది చూసి, "ఎవలన్న ఉన్నరంటవా మేడం ఈయన తోని?" అన్నాడు.

"ఒక్కడే ఉంటే ఇటు మొకం చేసి నిలబడే పనేముంది?"

* * *

వాడకు వచ్చే దారిలో వకీలు ఉష ఫోన్ చేసింది. మెర్సీది నల్లగొండ. కానిస్టేబుల్ ఉద్యోగం వదిలేశాక ఉష దగ్గర కేసులకు ఆధారాలు వెతికే పనిలో కుదిరింది. ఉష చూసేవన్నీ మాజీ సైనికుల వైకల్య పింఛన్ కేసులు. నరహరి కేసు ఆమెదే.

"మెర్సీ, సోమవారం వాయిదా. ఇవాళ శుక్రవారం. నా చేతిలో ఏమీ లేదు," అంది ఉష.

"వాడోళ్లు చెప్తరు గద మేడం, వచ్చిన ఏడాదే చెవులు పోయినయని."

"చెప్తారు. అందరూ నరహరికి చుట్టాలే. చుట్టాల మాట అవతలివాళ్లు ఒక్క నిమిషంలో కొట్టి పారేస్తారు. నాకు మనవాడు కాని మనిషి కావాలి."

నరహరి సైన్యంలో నాయక్‌గా చేశాడు. మందుపాతర పేలి చెవులు దెబ్బతిన్నాయి. 2014 మొదట్లో ఇంటికి పంపించేటప్పుడు చెవుడు స్వల్పమని రాశారు. పింఛన్ రాలేదు. ఆ ఏడాది చలికాలానికి మిగిలిన వినికిడి కూడా పోయింది. అప్పీలు రాసి, దవాఖాన కాగితాలన్నీ జతచేసి, పింఛన్ కాగితాలు పంపే విజేందర్‌కు ఇచ్చాడు. అప్పీలు నడుస్తోందనే అనుకున్నాడు. అసలు ఎక్కడికీ చేరలేదని 2021లో తెలిసింది. ఉష మళ్లీ మొదటి నుంచి వేసింది.

ఇప్పుడు ట్రిబ్యునల్ అడుగుతున్నది ఒక్కటే. చెవుడు ఏ తేదీ నుంచి? 2014 అని తేలితే అది సైన్యంలో తగిలిన దెబ్బ. తేలకపోతే కాదు. ఎందుకంటే 2018 నుంచి మూడేళ్లు నరహరి మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి గనిలో పనిచేశాడు. అక్కడ రాళ్లు పేలుస్తారు. చెవులు గనిలోనే పోయాయని అవతలి వాదన. ఆ తేదీ జారితే కేసంతా జారిపోతుంది. ఆండాళుకు భర్త లేడు, భర్త సైన్యంలో పోగొట్టుకున్నది కూడా లేనట్టే అవుతుంది.

"చుట్టం కాని సాక్షి ఒక్కడే, నరహరితో పడుగు పట్టిన లింగస్వామి," అంది ఉష. "తను ఊళ్లో ఉన్నన్నాళ్లూ నరహరికి చెవులు బాగానే వినిపించేవని మనకు వ్యతిరేకంగా ప్రమాణం చేశాడు. అతన్ని నువ్వేం చేయగలవు?"

"ఏం చెయ్య మేడం. ఆయన పని ఆయనకు ఇస్త."

"అంటే?"

"చూద్దాం," అని మెర్సీ ఫోన్ పెట్టేసింది.

ఆండాళు ఇంటి ముందు గంజి ఉడికిన వాసన వస్తోంది. తెల్లచీర కట్టుకుని, కుంకుమ లేని నుదురుతో ఆండాళు పెద్ద గిన్నెలో గంజి కలుపుతోంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు పొడిగా ఉంది.

"లింగస్వామి వస్తడంటవా?"

"వస్తడు. ప్రశ్నలు అడగాలె, తీసుకరమ్మని విజేందర్‌కు నోటీసు పంపినం. రాకుంటె భయపడ్డట్టయితది. ఆ విజేందర్ భయపడ్డట్టు కనవడడు."

"వస్తె పడుగు పట్టుకుంటడంటవా?"

"అది నువ్వు చెప్పాలె ఆండాళక్కా. మీ వాడ పద్ధతి నీకే ఎరుక."

ఆండాళు కొంచెం ఆలోచించింది. "గంజి పట్టిన పడుగు వీధిల ఉండంగ, చేతులున్న నేతగాడు చెయ్యి వెయ్యకుంట పోడు. పోతే ఇగ వాని పడుగుకు ఎవలు రారు. శత్రువైనా పట్టుకోవాలె."

"మంచిది. నువ్వు రెండో కొసకు నిలబడు. పడుగు ఎంత బిగుసుకున్నా నీ అంతట నువ్వు వదులు చెయ్యకు. ఆయన పిలిచే దాక ఆగు. ఆయన ఎట్ల పిలుస్తడో నాకు గదే కావాలె."

మెర్సీ తన ఫోన్‌ను వీధి కనిపించేటట్టు కిటికీ ఊచలకు కట్టి, రికార్డు నొక్కింది.

* * *

విజేందర్ కారు వాడ మొదట్లోనే ఆగిపోయింది. ముందుకు దారి లేదు. వీధి పొడవునా పడుగు సాగి ఉంది. తెల్లటి నూలు పోగులు గంజి తడితో మెరుస్తున్నాయి. ముసలి బిక్షమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పొడవాటి కుంచెలతో వాటిని దువ్వుతున్నారు. తడి ఆరేలోపు దువ్వకపోతే పోగులు ఒకదానికొకటి అతుక్కుని పడుగంతా పనికిరాకుండా పోతుంది.

ఈ వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడు గుంజలు పాతే గుంతలు పూడిపోయాయి. అప్పటి నుంచి రెండు కొసల్లోనూ మనిషే గుంజ. తాడు నడుముకు చుట్టుకుని వెనక్కి ఒరిగి నిలబడాలి.

విజేందర్ తెల్లచొక్కా, మెలితిప్పిన మీసం. సైన్యంలో రాతపని చేసి వచ్చిన హవల్దార్. నల్లగొండలో దుకాణం పెట్టి మాజీ సైనికుల పింఛన్ కాగితాలు పంపిస్తుంటాడు. 2014లో అప్పీలు తన చేత్తో విజేందర్‌కే ఇచ్చానని నరహరి ట్రిబ్యునల్ ముందు చెప్పాల్సి ఉండింది. అంతలోనే చనిపోయాడు. నా చేతికి ఏ కాగితమూ రాలేదని విజేందర్ అంటున్నాడు. లింగస్వామి చేత ప్రమాణం ఇప్పించిందీ అతనే.

"ఏంది మెర్సీ మేడం," అన్నాడు నవ్వుతూ. "కానిస్టేబుల్ కొలువు ఇడిశిపెట్టి చీరెలు నేసుడు మొదలువెట్టినవా?"

"మీరు ఫౌజు ఇడిశిపెట్టి ఫౌజోళ్లను అమ్ముకుంటలేరా సార్? గట్లనే."

విజేందర్ నవ్వు ఆగిపోయింది. "పది నిమిషాలు ఇస్త. నా ముంగటనే అడగాలె. సాక్షిని బెదిరిస్తె సోమారం జడ్జికి చెప్త."

"బెదిరించుడు మీ పని. నాది అడుగుడు."

లింగస్వామి అతని వెనక నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. ఒక దవడ పొగాకుతో ఉబ్బి ఉంది. అతని కళ్లు మెర్సీ మీద లేవు, పడుగు మీద ఉన్నాయి.

"సూరత్ ఎప్పుడు పోయినవ్ లింగస్వామీ?"

"రెండువేల పదారు. శివరాత్రి అయినంక."

"నడుమల వచ్చినవా?"

"రాలె. మా అవ్వ సచ్చిపోతె గూడ రాలె. మొన్ననే వచ్చిన. నెల కాలె."

"ఎందుకొచ్చినవ్?"

విజేందర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "గది కేసుల లేదు. కేసుల ఉన్నది అడుగు."

"సరే సార్, అట్లనే." మెర్సీ మళ్లీ లింగస్వామి వైపు తిరిగింది. "నరహరి తోని పని జేసినవా?"

"జేసిన. అన్న ఫౌజు నుంచి వచ్చిన కాంచి నేను సూరత్ పోయే దాక, వాడల ఏ పడుగేసినా ఒక కొసకు అన్న, ఒక కొసకు నేను."

"తడి ఆరుకుంట పడుగు బిగుసుకపోతది గద. అటు కొసోడు వదులు చెయ్యాలె. అన్నకెట్ల చెప్పెటోనివి?"

"నోటితోనే. 'వదులు' అని పిలిస్తె వదులు జేసెటోడు." బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"అంత దూరం ఇనవడేదా ఆయనకు?"

"మంచిగ ఇనవడేది."

"ఎన్నడన్న రెండుసార్లు పిలవాల్సి వచ్చిందా?"

"రాలె. ఒక్కసారికే."

"రాసుకో మేడం, రాసుకో," అన్నాడు విజేందర్. "ప్రమాణపత్రంల ఏముందో గదే చెప్తుండు. అక్షరం తేడా లేదు."

"అవును సార్. అక్షరం తేడా లేదు. అదే నాకు వింతగుంది."

పడుగు మీది నుంచి బిక్షమ్మ కేక వేసింది. "ఓ లింగా! ముచ్చట్లు తర్వాత చెప్పుకుందువు గాని, గా కొసకు నిలవడరాదు బిడ్డా! ఎండ ముదురుతాంది. సిన్న పిల్ల పట్టుకున్నది, దానితోని ఆగుతలేదు. పోగులన్నీ అతుక్కపోతున్నయ్!"

ఆ కొసన తాడు చుట్టుకుని ఒక పిల్ల ముందుకు తూలిపోతోంది. లింగస్వామి విజేందర్ వైపు చూశాడు.

"పోతె ఏమాయె, పో," అన్నాడు విజేందర్ ఫోన్ చూసుకుంటూ. "నీ మంచితనం గూడ చూడనీ మేడం."

లింగస్వామి చెప్పులు విడిచాడు. పిల్ల నడుము నుంచి తాడు విప్పి తన నడుముకు చుట్టుకున్నాడు. వెనక్కి ఒరిగాడు. పడుగు లేచి నిలబడింది. ఆ క్షణంలో అతని ముఖంలో ఒక రకమైన నెమ్మది కనిపించింది. ఎన్నో ఏళ్ల తర్వాత తన చోటికి వచ్చిన మనిషిలా ఉన్నాడు.

రెండో కొసన ఆండాళు. అది నరహరి నిలబడే చోటు.

కుంచెలు వీధి పొడవునా పోయి వచ్చాయి. ఎండకు పోగులు ఆరుతూ బిగుసుకుంటున్నాయి. తాడు లింగస్వామి నడుములోకి దిగుతోంది. మెర్సీ అతని పక్కకు వెళ్లి నిలబడింది. ఆండాళు కదలలేదు. వదులు చేయలేదు. పడుగు ఇంకా బిగిసింది. ఒక పోగు టప్పున తెగింది.

"వదులు" అని లింగస్వామి అరవాలి. ఆండాళుకు చెవులు మంచిగా వినిపిస్తాయి. ఒక్క మాట చాలు.

అతను నోరు తెరవలేదు. ఎడమ చెయ్యి తాడు మీది నుంచి లేచి, పడుగు అంచు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. టప్, టప్.

దెబ్బలు పోగుల గుండా వణుకుతూ వీధి చివరికి వెళ్లాయి. అక్కడ ఆండాళు నడుము దగ్గరి తాడును వేళ్ల సందున జారనిచ్చింది. పడుగు వదులైంది. ఆండాళు ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

బిక్షమ్మ కుంచె ఆగిపోయింది. "అయ్యో బిడ్డా," అంది గొణుగుతున్నట్టు. "నరహరి కొట్టుడు..."

"ఏమైంది?" అన్నాడు విజేందర్ ఫోన్ నుంచి తలెత్తి.

"ఏం గాలె సార్," అంది మెర్సీ. "మీ సాక్షి ఇప్పుడే నిజం చెప్పిండు."

"ఆయన నోరే తెరవలె గద!"

"అందుకే నిజం చెప్పిండు." మెర్సీ అతని దగ్గరకు నడిచింది. "పుట్టపాకల అడిగిన. కొయ్యలగూడెంల అడిగిన. పడుగు వదులు చెయ్యాలంటె ఆ నేత ఊర్లల అందరు నోటితోనే పిలుస్తరు. ఈ వాడల గూడ ముందుగాల గంతే. నరహరి వచ్చిన ఏడాది నుంచి మారింది. ఆయనకు పిలుపు ఇనవడలె. పడుగు అంచు మీద కొడ్తె ఆ అదురు తాడుకొచ్చి నడుముకు తెలుస్తది. అందుకని కొట్టుడు నేర్చుకున్నరు. అవునా బిక్షమ్మవ్వా?"

"అవు బిడ్డా. ఆయన గనికి పోయినంక మళ్ల పిలుసుడే. వాపస్ వచ్చినంక ఆయన పడుగు పట్టలె. గిప్పుడు ఎవలు కొడ్తలేరు."

"లింగస్వామి 2016ల ఊరిడిశి పోయిండు. మొన్న వచ్చే దాక రాలేదని మీ ముంగటనే చెప్పిండు. ఆయన వచ్చినంక ఈ వీధిల పడుగు పడుడు ఇదే మొదలు. మరి ఆ చెయ్యి గట్ల కొట్టుడు ఎప్పుడు నేర్చుకున్నది సార్? చెవులు మంచిగున్న మనిషి కోసమా?"

విజేందర్ మీసం సర్దుకున్నాడు. "ఎవల్నన్న జూసి కొట్టిండేమొ."

"పొద్దటి నుంచి ఎవలు కొట్టలె. కిటికీల ఫోనుంది. జూస్కోండ్రి."

అతను కిటికీ వైపు చూశాడు. ముఖం గట్టిపడింది. "చెయ్యి ఆడితె సాక్ష్యమా? జడ్జి నవ్వుతడు."

"నవ్వనీ. నవ్వినంక లింగస్వామిని పిలిచి మళ్ల అడుగుతడు. ఆ తర్వాత మిమ్మల్ని పిలుస్తడు. అప్పీలు ఏమైందంటడు. మీ దుకాణంల అటక మీద పండుకున్నది నరహరిదొక్కటేనా అంటడు. అసలు మీరు పంపిన అప్పీలు ఒక్కటన్న ఉందా సార్?"

"నోరు అదుపుల పెట్టుకో!" విజేందర్ లింగస్వామి వైపు తిరిగాడు. "నడువ్. పోదాం."

లింగస్వామి కదలలేదు. "సార్, తడి ఉంది. నేను ఇడిస్తె పడుగు నేల మీద పడ్తది."

"పడనీ! నూలే గద!"

కుంచెలు మూడూ ఒక్కసారే ఆగాయి. అరుగుల మీద కూర్చున్న వాళ్లు లేచి నిలబడ్డారు. విజేందర్ నేతగాళ్ల ఇంటి మనిషి కాదు. తానేమన్నాడో అతనికి తెలియలేదు. లింగస్వామి మాత్రం అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తాడును నడుము దగ్గర ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నేను రాను సార్."

"రేపు నీ పోరని సంగతి నన్నడగకు," అని విజేందర్ వెనక్కి తిరిగి కారు వైపు నడిచాడు. తలుపు వేసిన చప్పుడైంది. కారు వెళ్లిపోలేదు. ఇంజన్ నడుస్తూనే ఉంది.

* * *

మెర్సీ కిటికీ నుంచి ఫోన్ విప్పి చేతిలోకి తీసుకుంది. రికార్డు ఆపలేదు.

దువ్వడం అయిపోయింది. ఇక పడుగును ఒక కొస నుంచి చుట్టుకుంటూ రావాలి. అవతలి కొసవాడు అప్పటి దాకా తాడు పట్టుకునే ఉండాలి. ఆండాళు తన తాడు విప్పి, కర్రకు పడుగు చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టుకు లింగస్వామి వైపు ఒక్కో అడుగు వేస్తోంది.

మెర్సీ రుమాలు విప్పి కవర్లు చూపించింది.

"ఇవి ఎక్కడ దొరికినయో అడగవా?"

లింగస్వామి దవడ ఆడడం ఆగింది.

"మన దిక్కు దొరకయట. మీద గుజరాతీ రాతలున్నయ్. నువ్వు సూరత్ నుంచి తెచ్చుకున్నవి. కంకర కుప్ప మీద కూసోని నమిలినవ్. ఆయన నీ ఎదురుంగ పట్టాల మీద నిలబడ్డడు."

"నేను బండి కిందికి దొబ్బలె మేడం."

"దొబ్బినవని నేనన్ననా?"

"దేవుని తోడు. చెయ్యి గూడ వెయ్యలె."

"చెయ్యి వెయ్యలె, ఒప్పుకుంట. ఆయనకు ఇనవడదని నీకెరుక. ఇందాక నీ చెయ్యే చెప్పింది. రైలొస్తుంటె, ఇనవడని మనిషిని పట్టాల మీద ఎందుకు నిలబెట్టినవ్?"

లింగస్వామి కళ్లు కారు వైపు పోయాయి. తర్వాత వీధి చివరికి పోయాయి. ఆండాళు చుట్టుకుంటూ వస్తోంది. కర్ర తిరిగే చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"సారు పిలువుమన్నడు. అన్న తోని రాజీ మాట్లాడ్త అన్నడు. గేటు కాడ మంది ఉంటరు, జర అవుతలికి తీసుకపో అన్నడు. తీస్కపోయిన."

"సారు వచ్చిండా?"

"రాలె. ఫోన్ జేసిండు."

"ఏమన్నడు?"

"బండి వచ్చే దాక మాటల్ల పెట్టు అన్నడు."

"గదేందో నీకు సమజైందా అప్పుడు?"

చెమట గడ్డం మీది నుంచి తాడు మీద పడింది.

"అయింది," అన్నాడు.

"అయినా పెట్టినవ్."

"సూరత్‌ల మేం నడిపే మగ్గాలు బందైనయ్ మేడం. వాపస్ వచ్చినోనికి ఇక్కడ ఏముంది? నా పోరనికి సిమెంటు ఫ్యాక్టరీల సెక్యూరిటీ నౌకరి ఇప్పిస్త అన్నడు. ప్రమాణం జేస్తె సాలు అన్నడు ముందుగాల. గంతే అనుకున్న. తర్వాత... ఇంకొక్క పని ఉందన్నడు."

ఆండాళు సగం వీధి దాటింది. ఆమెను అక్కడే ఆపాలా అని మెర్సీ అనుకుంది. ఆపలేదు.

"ఏం మాట్లాడినవ్ ఆయన తోని?"

"సూరత్ ముచ్చట్లు. అక్కడ పడుగు మిషన్ల మీద ఎట్ల పడ్తరో చెప్పిన. అన్నకు మస్తు ఇష్టం గా ముచ్చట. చెవులు పోయినంక అన్న మూతి జూసి మాట పట్టుకునెటోడు. నేను మెల్లగ చెప్పుకుంట పోయిన. నా మూతి దిక్కే జూసుకుంట నిలవడ్డడు. నవ్విండు గూడ."

ఆఖరి చుట్టు పడింది. ఆండాళు పడుగు కట్టను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చేతుల్లో పట్టుకుని లింగస్వామి ఎదురుగా ఆగింది. అతని నడుము చుట్టూ తాడు వదులై కాళ్ల దగ్గర పడిపోయింది. ఇప్పుడతన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. అతను పోలేదు.

"లింగా," అంది ఆండాళు. ఆమె గొంతు ఏమాత్రం పెరగలేదు. "ఇంట్ల బిందె జారి కిందవడితె మీ అన్నకు కాళ్లకు తెలిసేది. పక్కింట్ల రోలు దంచితె తెలిసేది. గంత పెద్ద రైలు వస్తుంటె ఆయన కాళ్ల కింద తెలవకుంట ఎట్లుంటది?"

లింగస్వామి కాళ్ల దగ్గరి తాడు వైపు చూశాడు.

"తెలిసింది వదినె."

"మరి?"

"పట్టాలు అదిరినయ్. నవ్వుడు ఆపిండు. కిందికి జూసిండు. ఎన్కకు మర్లి చూస్తుండె... అంతల నా మొకం జూసిండు. బండొస్తుందా అని చెయ్యితోని సైగ జేసి అడిగిండు."

వాడ మొదట్లో కారు వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మెర్సీ అటు చూడలేదు.

"అడిగితె నువ్వేం చెప్పినవ్?" అంది ఆండాళు.

లింగస్వామి తల ఎత్తాడు. ఆమె ముఖంలోకి చూస్తూ, ఆ రోజు నరహరికి చెప్పినట్టే, తలను మెల్లగా అడ్డంగా ఊపాడు.